మానాలని ఉన్నా మానలేకపోతున్నది ఎవరు?

సిగరెట్ మానలేనివాడిని చూస్తే మనసు గట్టిది కాదని తీర్పు చెప్పేస్తాం. అమెరికా లెక్కల ముందు ఈ తీర్పు నిలవదు. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రచురించిన 2015 సర్వే ప్రకారం, పొగతాగే నల్లజాతి పెద్దల్లో 72.8 శాతం మంది మానేయాలనుకున్నారు. శ్వేతజాతి వారిలో 67.5 శాతం. ఆ ఏడాదిలో ఒక్కసారైనా మానడానికి ప్రయత్నించినవారు నల్లజాతిలో 63.4 శాతం, శ్వేతజాతిలో 53.3 శాతం. కోరికా ఎక్కువే, ప్రయత్నమూ ఎక్కువే. చివరికి మానగలిగినవారు మాత్రం నల్లజాతిలో 4.9 శాతం, శ్వేతజాతిలో 7.1 శాతం. ఎక్కువమంది ప్రయత్నించినచోట తక్కువమంది గట్టెక్కుతున్నారంటే కారణాన్ని అమ్మేవారి దగ్గరా, సాయం చేయాల్సినవారి దగ్గరా వెతకాలి.

ముందు అమ్మేవారి సంగతి. 1950ల్లో పొగతాగే నల్లజాతీయుల్లో మెంథాల్ సిగరెట్ తాగేవారు పదిమందిలో ఒకరు కూడా లేరు. ఇప్పుడు నూటికి దాదాపు 85 మంది. మెంథాల్ గొంతులో మంటను చల్లదనంతో కప్పేస్తుంది. కొత్తగా మొదలుపెట్టిన కుర్రవాడికి మొదటి దమ్ములో రావాల్సిన దగ్గు రాదు, పొగ లోతుకు పోతుంది. పైగా నికోటిన్ మెదడును పట్టుకునే తీరును ఇది ఇంకా బిగిస్తుంది. మెంథాల్ వల్ల అలవాటు తేలిగ్గా మొదలవుతుందనీ, గట్టిగా పట్టుకుంటుందనీ, ముఖ్యంగా నల్లజాతీయుల్లో మానడం కష్టమవుతుందనీ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లోనే తేల్చింది.

ఈ రుచి పుట్టుకతో వచ్చింది కాదు. కూల్, సేలం, న్యూపోర్ట్ బ్రాండ్ల కంపెనీలు నల్లజాతి పత్రికల నిండా ప్రకటనలు గుప్పించాయి. జాజ్ కచేరీలకు కూల్ పేరే పెట్టించుకున్నారు. వ్యాన్లు వేసుకుని నల్లజాతి పేటల్లో తిరిగి ఉచితంగా సిగరెట్లు పంచారు. బోస్టన్‌లోని ఆర్చర్డ్ పార్క్ గృహసముదాయంలో చిన్నపిల్లగా ఉన్నప్పుడే తన చేతికి న్యూపోర్ట్ నమూనాలు అందాయని మేరీ ఎవాన్స్ అనే నల్లజాతి మహిళ చెప్పారు. ఆమె ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2002లో చనిపోయారు. కొడుకు వేసిన దావాలో 2010లో జ్యూరీ న్యూపోర్ట్ తయారీదారు లోరిలార్డ్‌దే బాధ్యత అని తేల్చింది. 2013లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం మూడున్నర కోట్ల డాలర్ల పరిహారాన్ని ఖాయం చేసింది.

జనం ఎదురు తిరిగితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. ఆర్.జె. రేనాల్డ్స్ కంపెనీ కేవలం నల్లజాతీయుల కోసమంటూ ‘అప్‌టౌన్’ అనే మెంథాల్ సిగరెట్‌ను 1990 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో విడుదల చేయబోయింది. చర్చిలు, సంఘాలు ఏకమై వ్యతిరేకించాయి. నాటి ఆరోగ్యమంత్రి లూయీ సలివన్, ఆయనా నల్లజాతి వైద్యుడే, జనవరి 18న అదే నగరంలో బహిరంగంగా ఎండగట్టారు. మర్నాడే కంపెనీ వెనక్కి తగ్గింది. అప్‌టౌన్ దుకాణాలకు చేరనేలేదు.

చట్టసభల్లో మాత్రం ఆ చురుకు కనబడలేదు. 2009 చట్టం సిగరెట్లలో స్ట్రాబెర్రీ, ద్రాక్ష, లవంగం వంటి రుచులన్నీ నిషేధించి ఒక్క మెంథాల్‌ను వదిలేసింది. లవంగం సిగరెట్లు ఎక్కువగా వచ్చేది ఇండోనేసియా నుంచి, మెంథాల్ సిగరెట్లు తయారయ్యేది సొంత దేశంలో! ఇండోనేసియా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి 2012లో గెలిచింది కూడా. ఇంత బాహాటమైన పక్షపాతం తర్వాత కూడా మెంథాల్ జోలికి పోవడానికి ఎఫ్‌డీఏకు 2022 దాకా పట్టింది. ఆ ఏప్రిల్‌లో నిషేధం ప్రతిపాదించారు. ఎన్నికల ఏడాది 2024లో బైడెన్ ప్రభుత్వం దాన్ని పక్కన పెట్టింది. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం రాగానే ఉపసంహరించింది. రెండు పార్టీల చేతులూ పడ్డాయి.

నిషేధాన్ని వ్యతిరేకించినవారిలో నల్లజాతి నాయకులూ ఉన్నారు. వారి భయాన్ని కొట్టిపారేయలేం. 2014లో న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్ పోలీసుల చేతుల్లో ప్రాణం విడిచాడు. విడి సిగరెట్లు అమ్ముతున్నాడన్న అనుమానంతోనే పోలీసులు అతన్ని ఆపారు. మెంథాల్ నిషిద్ధమైతే వీధిలో ఇంకో గార్నర్ బలవుతాడేమోనన్నది ఆ ఆందోళన. అయితే ఎఫ్‌డీఏ ప్రతిపాదించిన నియమం తయారీదారులకూ అమ్మకందారులకూ వర్తించేది, తాగేవారి మీద కేసు పెట్టే వీలు అందులో లేదు. భయం పోలీసుల మీదైతే పోలీసులను దారికి తేవాలి. మెంథాల్‌ను కాపాడితే ఆ భయం తీరదు. నల్లజాతి పౌరహక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ నిషేధాన్ని సమర్థించడమే దీనికి గట్టి సమాధానం.

ఇక సాయం సంగతి. అదే 2015 సర్వే ప్రకారం, పొగతాగే శ్వేతజాతి రోగుల్లో 60.2 శాతం మందికి వైద్యులో ఆరోగ్య సిబ్బందో మానమని సలహా ఇచ్చారు. నల్లజాతీయుల్లో ఆ వాటా 55.7 శాతం, హిస్పానిక్‌లలో 42.2 శాతం, ఆసియా సంతతివారిలో 34.2 శాతం. ప్యాచ్, చూయింగ్ గమ్, మందులు, కౌన్సెలింగ్‌లలో ఏదో ఒకటి వాడి మానడానికి ప్రయత్నించినవారు శ్వేతజాతిలో 34.3 శాతం, నల్లజాతిలో 28.9, హిస్పానిక్‌లలో 19.2, ఆసియన్లలో 20.5. శ్వేతజాతివారిలోనూ మూడింట రెండు వంతుల మంది ఊరికే మొండిగా మానబోతున్నారన్నమాట. అంటే ఆ సాయం ఎవరికీ సరిగ్గా అందడం లేదు. కొందరికి ఇంకా అందడం లేదు.

ఒక్కోసారి మంచి ఉద్దేశంతో పెట్టిన నియమమే అడ్డం తిరుగుతుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను ముందే పట్టే స్కానింగ్‌కు 2013లో జాతీయ నిపుణుల బృందం పెట్టిన అర్హత, 55 ఏళ్లు నిండాలి, రోజుకో ప్యాకెట్ చొప్పున 30 ఏళ్లకు సమానంగా తాగి ఉండాలి. నల్లజాతీయులు సాధారణంగా తక్కువ సిగరెట్లు తాగుతారు. అయినా వారికి క్యాన్సర్ తొందరగా వస్తుంది. దక్షిణాది రాష్ట్రాల్లో జరిపిన ఒక పెద్ద అధ్యయనంలో, క్యాన్సర్ వచ్చిన నల్లజాతి పొగతాగేవారిలో మూడింట రెండు వంతుల మందికి ఆ నియమం ప్రకారం స్కానింగ్ అర్హతే లేదని తేలింది. 2021లో వయసు 50కి, మోతాదు 20 ఏళ్లకు తగ్గించారు. ఆ ఎనిమిదేళ్లలో తప్పిపోయినవారికి ఎవరు జవాబు చెబుతారు?

ఆసియా సంతతి అనే గడిలో మనవాళ్లూ ఉన్నారు. 2021లో ఆ వర్గంలో పొగతాగేవారు 5.4 శాతమే, దేశం మొత్తం మీద 11.5 శాతం. సగటు అంత చక్కగా కనిపించడానికి ఆడవాళ్లు చాలా తక్కువగా తాగడం ఒక కారణం. కొరియన్, వియత్నామీస్ మగవారి లెక్క వేరే. ఇలాంటివారికోసం కాలిఫోర్నియాలో చైనీస్, కొరియన్, వియత్నామీస్ భాషల్లో ఫోన్ కౌన్సెలింగ్ మొదలైంది. సొంత భాషలో మాట్లాడే కౌన్సెలర్ దొరికితే మానేవారి సంఖ్య దాదాపు రెట్టింపవుతుందని అక్కడి ప్రయోగంలో రుజువయింది. 2012 నుంచి దేశమంతా ఆ సేవ ఉచితం. అందులో తెలుగు లేదు, హిందీ లేదు, గుజరాతీ లేదు. మనవాళ్లలో కొందరికి సిగరెట్ అలవాటు లేకున్నా గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ ఉంటాయి. ‘పొగ తాగుతారా?’ అని డాక్టర్ అడిగితే లేదని నిజమే చెబుతారు. ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. భారత్‌లో 1800-11-2356కు ఫోన్ చేస్తే బెంగళూరు నిమ్‌హాన్స్ కేంద్రం నుంచి దక్షిణాది భాషల్లో సాయం దొరుకుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు మాత్రం ఇంగ్లిష్‌లోనే మానాలి.

అందరికన్నా ఎక్కువగా తాగేది అమెరికా మూలవాసులు. 2020లో వారిలో 27.1 శాతం. అక్కడ పొగాకు పూజాద్రవ్యం. దాన్ని ఉపయోగించే ఎన్నో క్రతువుల మీద ప్రభుత్వం దశాబ్దాల తరబడి ఆంక్షలు పెట్టింది. వారి మతస్వేచ్ఛను చట్టంగా గుర్తించింది 1978లో. పొగాకు చెడ్డదనే ప్రచారం వాళ్ల చెవికి ఎక్కకపోవడంలో వింతేమీ లేదు. 2015లో మొదలైన వారి ప్రత్యేక ఫోన్ సేవలో కౌన్సెలర్లు క్రతువులో వాడే పొగాకును, కంపెనీ సిగరెట్టును వేరుచేసి మాట్లాడతారు. ఆ తేడా తెలిసే నవాహో జాతి ప్రభుత్వం 2021లో తన కాసినోలతో సహా బహిరంగ ప్రదేశాల్లో వాణిజ్య పొగాకును నిషేధించి, క్రతువులను మినహాయించింది. కాసినోల నుంచి కూడా ఆదాయం పొందే ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం అది.

ఇన్ని తెలిసిన తరువాత 2025 ఏప్రిల్‌లో సీడీసీలోని ధూమపాన నియంత్రణ విభాగాన్ని దాదాపు ఖాళీ చేసేశారు. రాష్ట్రాల ఉచిత ఫోన్ సేవలకు కేంద్రం సొమ్ము అందేది ఆ విభాగం నుంచే. మెంథాల్ నిషేధమూ పోయి, ఫోన్ ఎత్తే మనిషీ పోతే మిగిలేది దుకాణంలో వేలాడే న్యూపోర్ట్ ప్రకటనే.

డబ్బు లేదనడానికి వీల్లేదు. పొగాకు పన్నులు, కంపెనీలతో 1998లో కుదిరిన ఒప్పందం కింద రాష్ట్రాలకు ఏటా వేల కోట్ల డాలర్లు వస్తున్నాయి. అందులో మాన్పించే పనికి పెడుతున్నది నూటికి మూడు డాలర్లు కూడా లేదు. మసాచుసెట్స్ 2020లో, కాలిఫోర్నియా 2022లో కేంద్ర ప్రభుత్వం కోసం ఆగకుండానే మెంథాల్ అమ్మకాన్ని ఆపేశాయి. మిగతా రాష్ట్రాల శాసనసభలు అదే పని చేయాలి. నిషేధ చట్టంతోపాటే మందులకూ, భాషలవారీ కౌన్సెలర్లకూ ఆ పన్ను సొమ్ములోంచి వాటా రాసివ్వాలి.