మబ్బుల్లోకెక్కిన టెలిఫోన్ ఎక్స్ఛేంజి

టెలికాం కంపెనీలకి క్లౌడ్ ఎందుకయ్యా అని అడిగితే మనోళ్ళు ఠక్కున చెప్పే జవాబు "ఖర్చు తగ్గుతుంది" అని. అబద్ధం కాదు గానీ అది సగం జవాబే అని నా అభిప్రాయం. మిగిలిన సగం మా తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్ళకి ఇంకా ముఖ్యం. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఈ ఫీల్డు తెలియని వాళ్ళకోసం రెండు ముక్కలు. టవర్ వెనకాల 'కోర్' అని ఒకటుంటుంది. ఈ సిమ్ ఎవరిది, ఇప్పుడు ఏ టవర్ కింద ఉన్నాడు, కాల్ ఎటు పంపాలి... ఇవన్నీ చూసేది అదే. ఒకప్పుడు ఒక్కో పనికి ఒక్కో పెట్టె ఉండేది. హార్డ్‌వేరూ సాఫ్ట్‌వేరూ రెండూ ఒకే వెండర్‌వి. కెపాసిటీ చాలకపోతే ఇంకో పెట్టె ఆర్డరిచ్చి నెలలు ఎదురుచూడాల్సిందే. 2012 అక్టోబరులో 13 పెద్ద టెలికాం కంపెనీలు కలిసి ఒక పత్రం విడుదల చేశాయి. పెట్టెలు వద్దు, మామూలు సర్వర్ల మీద నడిచే సాఫ్ట్‌వేర్ కావాలి అన్నది దాని సారాంశం. నెట్‌వర్క్ వర్చువలైజేషన్ ఊపందుకున్నది అక్కడినుంచే.

దీనివల్ల లాభం ఏంటో తిరుమలను చూస్తే అర్థమవుతుంది. మామూలు రోజుల్లో కొండకి 60-70 వేల మంది వస్తారనుకోండి. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రాత్రి లక్షల్లో ఉంటారు. అంతమందీ ఒకేసారి ఫోన్లు తీసి వీడియోలు పంపడం మొదలెడితే? ఆ ఒక్క రాత్రి కోసం పెట్టెలు కొంటే మిగతా ఏడాదంతా అవి ఖాళీగా పడుంటాయి. పెళ్ళికి కావాల్సిన గుండిగలు మనం అద్దెకి తెచ్చుకుంటాం గానీ, కొని అటక మీద పెట్టుకోం కదా! క్లౌడ్‌లో కోర్ ఉంటే ఆ రాత్రికి నాలుగు ఇన్‌స్టెన్సులు ఎక్కువ లేపి, తెల్లారాక దించేయొచ్చు.

అయితే ఒక మాట. సర్వర్లు ఎన్ని లేపినా స్పెక్ట్రమ్ పెరగదు. మాడవీధుల్లో టవర్లు చాలకపోతే, తాత్కాలిక టవర్లు తెచ్చి పెట్టాల్సిందే. క్లౌడ్ వస్తే సిగ్నల్ అదే వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి :)

ఇదంతా పేపర్ మీద మాటలు కాదు. జపాన్‌లో రకుటెన్ మొబైల్ 2020 ఏప్రిల్‌లో మొత్తం వర్చువల్ నెట్‌వర్క్‌తోనే సర్వీసు మొదలుపెట్టింది. మన దగ్గర బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని 2025 సెప్టెంబర్ 27న దాదాపు 97,500 టవర్లతో ప్రారంభించారు. రేడియో తేజస్ నెట్‌వర్క్స్‌ది, కోర్ సీ-డాట్‌ది, అన్నీ కలిపింది టీసీఎస్. ఈ పేర్లలో సీ-డాట్ అన్న పేరు చూడగానే నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది.

ఇదే సీ-డాట్ 1980లలో పల్లెటూళ్ళ కోసం 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజి తయారుచేసింది. ఏసీ అక్కర్లేదు, మన ఎండకీ దుమ్ముకీ తట్టుకునేది. దాంట్లో ఇంకో గొప్ప గుణం ఉంది. బయటి ఊళ్ళకి పోయే లైను తెగినా, ఊళ్ళో వాళ్ళు ఊళ్ళో వాళ్ళతో మాట్లాడుకోవచ్చు. ఎందుకంటే బుర్ర ఊళ్ళోనే ఉంది.

ఇప్పుడో? టవర్ మన వీధి చివరే ఉన్నా బుర్ర ఎక్కడో పెద్ద నగరంలో ఉంది. మధ్యలో ఫైబర్ తెగితే పక్కింటికి కూడా కాల్ పోదు. 2021 నవంబర్ వరదల్లో తిరుపతి ఎట్లా మునిగిందో చూసినవాళ్ళకి దీని అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఫైబర్ తెగకపోయినా ప్రమాదం ఉంది. 2022 జులైలో జపాన్‌లో కేడీడీఐ నెట్‌వర్క్‌లో ఒక రూటర్ మెయింటెనెన్స్‌తో మొదలైన గొడవ దేశమంతా పాకి, 60 గంటలు దాటి సాగింది. అంతా ఒకచోట కట్టకడితే దెబ్బ కూడా అంతటికీ తగులుతుంది.

అట్లాగని క్లౌడ్ వద్దంటానా? అస్సలు కాదు. నేను చెప్పే మిగతా సగం ఇదే: కోర్ సాఫ్ట్‌వేర్ అయిపోయింది కాబట్టే దాన్ని మళ్ళీ ఊరికి దగ్గరగా తేవడం ఇప్పుడు చవక. ఒక చిన్న కోర్‌కి రెండు మూడు సర్వర్లు చాలు. బయటి లింకు తెగినా పోలీసులు, ఫైర్ లాంటి అత్యవసర సిబ్బంది ఫోన్లు స్థానికంగా పనిచేసే పద్ధతిని 4జీ ప్రమాణాల్లో (3జీపీపీ రిలీజ్ 13) ఎప్పుడో రాసిపెట్టారు. వాడుకోవడమే తరువాయి.

లక్షలమంది చేరే కొండ, వానొస్తే రాళ్ళు జారే ఘాట్ రోడ్డు ఉన్న ఊరికి ఇట్లాంటి కోర్ ఒకటి కావాలనడం గొంతెమ్మ కోరిక కాదు. క్లౌడ్‌తో మిగిలిన డబ్బులో కొంచెం దీనిమీద పెట్టమని అడుగుతున్నా, అంతే. డిజైన్ మీటింగుల్లో కూర్చునే మనవాళ్ళు చాలామందే ఉన్నారు. ఈసారి "ఎంత ఆదా?" అన్న స్లైడు రాగానే, "లింకు తెగితే ఏం పనిచేస్తుంది?" అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబు లేకపోతే ఆ ఆర్కిటెక్చర్ ఇంకా పూర్తవలేదన్నట్టే.

మీరేమంటారు?