మూడో తరగతికి లెక్కలు ఎవరు చెప్పాలి?

2022లో జీవో 117 వచ్చినప్పుడు చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో గొడవంతా దూరం గురించే సాగింది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని దగ్గర్లోని హైస్కూలులో కలపాలన్నారు. రోడ్డు దాటాలని, వంక దాటాలని తల్లిదండ్రులు ఎదురుతిరిగారు. న్యాయమైన అభ్యంతరమే. కానీ అంతకన్నా పెద్ద మార్పు చడీచప్పుడు లేకుండా జరిగిపోయింది. ఎనిమిదేళ్ల పిల్లకు లెక్కలకొక సారు, పరిసరాల విజ్ఞానానికొక మేడం వచ్చారు. గంట కొడితే టీచరు మారే పద్ధతి మూడో తరగతి దాకా దిగింది.

దీనికి జాతీయ విద్యావిధానాన్ని చూపించారు. 2020 నాటి ఆ పత్రం తీసి చదివితే సబ్జెక్టు టీచర్ల ప్రస్తావన ఆరో తరగతి నుంచి మొదలయ్యే దశలోనే ఉంది. చూపించినవాళ్లు చదవలేదో, చదివినా పోస్టుల సర్దుబాటే ముఖ్యమనుకున్నారో!

లెక్కల్లో ఒక తరగతి పిల్లలంతా ఒకచోట ఉండరు. ఒకరు తీసివేతలో అప్పు తెచ్చుకోవడం దగ్గరే ఆగిపోతే, పక్కనున్నవాడు ఎక్కాలు దాటి భాగహారంలో ఉంటాడు. ఎవరు ఎక్కడ ఆగారో కనిపెట్టాలంటే రోజంతా వాళ్లతో గడిపే మనిషి కావాలి. పదో తరగతి పరీక్ష పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని ఒక పీరియడుకు వచ్చిపోయే సారుకు అది సాధ్యం కాదు.

ఈ చిక్కుకు మన మదనపల్లె పక్కనే జవాబు దొరికింది. రిషివ్యాలీ స్కూలు చుట్టుపక్కల పల్లెల్లో ఒకే టీచరుతో నడిచే బడుల కోసం రమ, పద్మనాభరావు దంపతులు పాఠ్యపుస్తకాన్ని విడగొట్టి కార్డులు చేశారు. గోడమీది నిచ్చెన బొమ్మలో తన మెట్టు ఏదో చూసుకుని పిల్ల కార్డు తీసుకుంటుంది. వచ్చినవాళ్లు రానివాళ్లకు చెబుతారు. పిల్లలే అంగళ్లు పెట్టి, తూకాలు వేసి, చిల్లర లెక్కగట్టే మెట్రిక్ మేళా కూడా అక్కడిదే. ఆ పద్ధతి చూసి కర్ణాటక ‘నలి కలి’ మొదలుపెట్టింది, తమిళనాడు తన బడుల్లోకి తీసుకుంది. మన దగ్గర మాత్రం ‘స్నేహబాల’ కార్డులు వచ్చి, కొన్నాళ్లకే మూలపడ్డాయి.

2025లో ప్రభుత్వం జీవో 117ను పక్కనపెట్టి, మోడల్ ప్రైమరీ స్కూళ్లలో తరగతికొక టీచరు అంది. మంచి నిర్ణయం. అయితే మిగతా చిన్న బళ్లకు ఇప్పటికీ ఒకరిద్దరే దిక్కు. నిచ్చెన, కార్డుల అవసరం అసలు అక్కడే ఎక్కువ.

ఇంకో మాటా ఒప్పుకోవాలి. పదో తరగతితోనే లెక్కలు వదిలేసి, ఇంటర్లో సీఈసీ చదివినవాళ్లు కూడా డీఎడ్ చేసి ప్రైమరీ టీచరు (ఎస్జీటీ) కావచ్చు. అది వాళ్ల తప్పు కాదు. కానీ మూడింట ఒక వంతు కన్నా నాలుగింట ఒక వంతు ఎందుకు చిన్నదో పిల్లలకు నచ్చేలా చెప్పడం వాళ్లకు ఎవరు నేర్పారు? ఆ ఏర్పాటు చేయకుంటే సబ్జెక్టు టీచర్ల వాదన మళ్లీ లేస్తుంది, న్యాయంగానే లేస్తుంది.

సైన్సు సంగతి ఇంకా అన్యాయం. తిరుమల ఘాట్ రోడ్డులో పాత గ్రానైట్ మీద నగరి క్వార్ట్జైట్ పొరలు కూర్చున్న చోటు కంటికి కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల వయసుకు మధ్య కోట్లాది ఏళ్ల ఎడం ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు వెతుక్కుంటూ వచ్చి చూసే స్థలమది. కొండమీది శిలాతోరణం సరేసరి. శ్రీకాకుళానికీ తిరుమలకూ ఒకే పాఠం అచ్చయ్యే పుస్తకంలో ఇవన్నీ పట్టవు. తరగతి తన చేతిలో ఉన్న టీచరైతే ఒక పూట పిల్లల్ని తీసుకెళ్లి చూపిస్తుంది. పీరియడు టీచరు మాత్రం గంట కొట్టేలోపు తిరిగిరావాలి.

కార్వేటినగరంలో టీచర్లకు శిక్షణనిచ్చే డైట్ ఉంది. తిరుపతిలో సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉంది, అలిపిరి దారిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. రిషివ్యాలీ అనుభవం ఉండనే ఉంది. మెగా డీఎస్సీతో కొత్తగా చేరిన ఎస్జీటీలకు లెక్కలు, పరిసరాల విజ్ఞానం చెప్పడంలో శిక్షణ ఇచ్చేందుకు ఈ సంస్థలవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టే పని జిల్లా విద్యాశాఖ వచ్చే వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టాలి.