ఇంతకీ ఏ చీమ బాబూ?

ఇంజనీరింగ్ ఆఖరేడాది మా ప్రాజెక్టు యాంట్ కాలనీ ఆప్టిమైజేషన్ మీద. చీమలు దారి వెతుక్కునే పద్ధతిలో నెట్‌వర్క్ ప్యాకెట్లకి దారి వెతకడం అన్నమాట. నాలుగు నెలలు కుస్తీ పట్టాం, కోడ్ ఆడింది, మార్కులొచ్చాయి. వైవాలో మాత్రం ఎక్స్‌టర్నల్ గారు "ఇంతకీ ఏ చీమ బాబూ?" అనడిగారు. ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. "ఎర్ర చీమ సార్" అన్నాడు మావాడు. ఆయన నవ్వేసి పంపేశారు గానీ ఆ ప్రశ్న నన్నింకా వదల్లేదు.

ప్రకృతిని చూసి డిజైన్ చెయ్యడం గురించి ఎవరు స్లైడ్లు వేసినా అందులో హరారే ఈస్ట్‌గేట్ భవనం ఉండాల్సిందే. జింబాబ్వేలో 1996లో తెరిచారు, ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్. చెదపుట్ట స్ఫూర్తితో కట్టారు, మామూలు ఏసీ లేకుండానే చల్లగా ఉంటుంది. పుట్టలో వేడిగాలి పైకి పోతూ ఉంటే కింద నుంచి చల్లగాలి వస్తుందనీ, అలా చెదలు తమ గూడుని ఏడాదంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉంచుకుంటాయనీ అప్పటి నమ్మకం.

తర్వాత స్కాట్ టర్నర్ అనే జీవశాస్త్రజ్ఞుడూ, రూపర్ట్ సోర్ అనే ఇంజనీరూ కలిసి నమీబియాలో పుట్టల వెంట పడ్డారు. పుట్టలో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక మట్టి కడిగేసి లోపలి సొరంగాల ఆకారం బయటికి తీశారు. తేలిందేంటంటే, గూడు ఉష్ణోగ్రత స్థిరంగా ఉండదు, చుట్టూ ఉన్న నేలతో పాటే మారుతుంది. పుట్ట అసలు పని ఊపిరి తీసుకోవడం. బయట గాలి హెచ్చుతగ్గుల్ని వాడుకుని లోపలి గాలిని మార్చుకుంటుంది. 2008లో ఈ సంగతంతా పేపరుగా రాశారు.

భవనం బాగానే పనిచేస్తోందిగా, నష్టమేంటి అంటారా? పియర్స్ గారి పనితనాన్ని నేనేమీ తక్కువ చెయ్యట్లేదు. పగటి వేడిని కాంక్రీటు పట్టి ఉంచడం, రాత్రి ఫ్యాన్లతో దాన్ని బయటికి తోలడం, మంచి ఇంజనీరింగే. కానీ పొగగొట్టం సూత్రం మనకి ఎప్పట్నుంచో తెలుసు. దానికి చెదపురుగు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. గాలి వాటానికి ఊపిరి పీల్చే గోడ, అదీ మనకి తెలియని సంగతి. పక్కన బయాలజిస్టు లేకపోతే మనం ప్రకృతిలో మనకి తెలిసిందే వెతుక్కుని, దొరికిందని సంబరపడతాం. యూజర్‌తో ఒక్కసారీ మాట్లాడకుండా రిక్వైర్‌మెంట్స్ రాసేసి, యూఏటీలో తిట్లు తినే మన అలవాటే ఇది కూడా :)

కలిసి కూర్చుంటే ఎలా ఉంటుందో స్టాన్‌ఫర్డ్‌లో చూడొచ్చు. ఎడారిలో గింజలేరుకునే హార్వెస్టర్ చీమల్ని ఏళ్ళ తరబడి గమనించిన డెబొరా గోర్డన్, తన లెక్కలు పట్టుకుని కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్ బాలాజీ ప్రభాకర్‌ని కలిసింది. మొదట ఆయనకి తన పనితో సంబంధమేమీ కనబడలేదట. మర్నాడు వెలిగింది, ఇది దాదాపు మన టీసీపీయే కదా అని! గింజతో తిరిగొచ్చే చీమల వేగాన్ని బట్టే కొత్త చీమలు బయల్దేరతాయి, అచ్చం అక్‌నాలెడ్జ్‌మెంట్లు చూసుకుని ప్యాకెట్లు పంపినట్టు. 2012లో పేపరు వచ్చింది. టీసీపీ అప్పటికే ఉందిగా, చీమలు కొత్తగా ఇచ్చిందేంటి అనొచ్చు. నిజమే, ఈసారి లాభం ఆవిడ వైపు ఎక్కువ. అయితే ఏం? ఎప్పుడూ మనమే పట్టుకుపోవాలా?

మా కాలేజీకి మూడు కిలోమీటర్ల దూరంలో వ్యవసాయ కళాశాల ఉండేది. పురుగుల మీద పనిచేసేవాళ్ళు అక్కడ బోలెడుమంది. ఆ నాలుగు నెలల్లో దాని ముందు నుంచే బస్సులో రోజూ వెళ్ళొచ్చాం. ఒక్కసారీ దిగలేదు.