షార్ట్ సర్క్యూట్ చంపలేదు

2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచాయి. ఆరుగురు చనిపోయారు. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళే. వరంగల్, ఖమ్మం వైపు ఊళ్ళ నించి ఉద్యోగాలకని వచ్చి, ఐదో అంతస్తులో ఒక ఆఫీసులో పనిచేస్తున్నారు. వాళ్ళని మంట తాకి చంపలేదు. పొగకి ఊపిరాడక పోయారు.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన పేపర్లలో, టీవీల్లో రెండు మాటలు తప్పకుండా ఉంటాయి. ఒకటి "అగ్నికి ఆహుతి". రెండోది "షార్ట్ సర్క్యూట్". నా తగాదా ఈ రెండు మాటలతోనే.

ఆహుతి అనే మాట యజ్ఞంలోంచి వచ్చింది. అగ్నిలో దానంతటదే ఏదీ పడదు. ఒకడు మంత్రం చదివి, చేత్తో తీసి, వేస్తేనే అది ఆహుతి. వేయించిన యజమానికి దాని ఫలం దక్కుతుంది. కాబట్టి ఆరుగురు అగ్నికి ఆహుతయ్యారని రాసే విలేకరి, తెలిసో తెలియకో, చాలా పెద్ద నేరారోపణ చేస్తున్నాడు. వేసింది ఎవరు? ఫలం ఎవరికి దక్కింది? ఆ రెండు ప్రశ్నలూ అడక్కుండా ఉండటానికే రెండో మాట పనికొస్తుంది. షార్ట్ సర్క్యూట్‌కి పేరు లేదు, అడ్రసు లేదు, దాన్ని ఎవరూ అరెస్టు చెయ్యరు. వెనకటికి అమ్మవారి ఆగ్రహం అనేవాళ్ళం, ఇప్పుడు షార్ట్ సర్క్యూట్ అంటున్నాం. శాస్త్రీయంగా వినిపించే విధి అది.

ఇదంతా మాటల మీద మోజుతో అంటున్నది కాదు. పదకొండేళ్ళు నేను హైదరాబాదులో ఒక కమర్షియల్ కాంప్లెక్స్‌లో మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా పనిచేశాను. ఏసీలు, లిఫ్టులు, జనరేటరు, నీళ్ళ మోటార్లు, ఫైర్ పంపులు అన్నీ నా కిందే. ఒక భవనం లోపలి నించి ఎలా ఉంటుందో, ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తితే ఏం కనపడుతుందో చూసినవాణ్ణి. ఆ చూసిందే చెప్తాను.

వైరు ఎక్కడైనా కాలుతుంది. వేల వైర్లున్న చోట ఎప్పుడో ఒకప్పుడు ఒకటి కాలడం వింత కాదు. అది జరిగినా మనుషులు బతికి బయటపడాలనే లెక్కతోనే భవనాలు కట్టాలి. జాతీయ భవన నియమావళి పొడుగునా ఉన్నది ఆ లెక్కే. మంట ఒక గదిలో పుట్టొచ్చు, ఆ గదిలోనే ఆగాలి. పొగ పుట్టొచ్చు, మెట్ల దారిలోకి రాకూడదు. మెట్లు కనీసం రెండు ఉండాలి, దూరదూరంగా ఉండాలి, తలుపులు వాటంతటవే మూసుకోవాలి. కాబట్టి ఒక చోట వైరు కాలి నాలుగు అంతస్తుల పైన మనిషి చనిపోయాడంటే, "నిప్పు ఎలా పుట్టింది?" అన్నది చిన్న ప్రశ్న. "పొగ పైకి ఏ దారిన వెళ్ళింది? మనిషి కిందికి ఎందుకు రాలేకపోయాడు?" అన్నవి అసలు ప్రశ్నలు.

పొగకి దారి మనమే వేసిపెడతాం. వేడిగాలి తేలిక, పైకి పోతుంది. నిలువుగా బోలుగా ఉన్నదేదైనా దానికి పొయ్యి మీది గొట్టమే. లిఫ్టు బావి ఒక గొట్టం. తలుపుల్లేని మెట్ల దారి ఒక గొట్టం. కరెంటు కేబుళ్ళు పైకి వెళ్ళే షాఫ్టు ఇంకో గొట్టం. ప్రతి అంతస్తు దగ్గరా కేబుళ్ళ చుట్టూ ఉన్న సందుని మంటకి తట్టుకునే పదార్థంతో మూసెయ్యాలి. నేను చూసిన భవనాల్లో ఆ సందు మూసి ఉండటం అరుదు. మూసినా, ఆర్నెల్ల తర్వాత ఇంటర్నెట్ వాడొచ్చి కొత్త కేబులు కోసం పొడిచి వదిలేస్తాడు. ఇక ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సోఫా ఫోము, ప్లాస్టిక్కు కాలితే సైనైడు కూడా తోడవుతుంది. మంట కంటికి కనపడకముందే మనిషి కూలబడతాడు.

ఏసీ సంగతి. సెంట్రల్ ఏసీలో గాలి ఒకే చోట ఆగదు. గదిలోంచి వెనక్కి లాగి, చల్లబరిచి, మళ్ళీ అన్ని గదులకీ పంపిస్తుంది. ఆ గాలిలో పొగ కలిస్తే అదీ అన్ని గదులకీ చేరుతుంది. అందుకే అలారం మోగగానే ఏసీ ఫ్యాన్లు ఆగిపోవాలి. డక్టులు గోడ దాటే చోట డ్యాంపరు అనే ఇనప రెక్కలుండాలి. 72 డిగ్రీల దగ్గర ఒక చిన్న లోహపు ముక్క కరిగి ఆ రెక్కలు మూసుకుపోవాలి. మా కాంప్లెక్స్‌లో డ్యాంపర్లు ఉన్నాయని డ్రాయింగుల్లో ఉండేది. వాటిని తెరిచి చూసే తలుపు మాత్రం ఫాల్స్ సీలింగ్‌లో ఎక్కడా లేదు. ఉన్నాయో లేదో పదకొండేళ్ళలో నాకే తెలియలేదు. 2011 డిసెంబరు 9న కోల్‌కతాలో ఏఎంఆర్ఐ ఆసుపత్రిలో సెల్లార్లో పుట్టిన పొగ పైనున్న వార్డుల్లోకి ఎక్కి తొంభై మంది దాకా చనిపోయారు. చాలామంది కదల్లేని రోగులు. ఏసీ కోసం బిగించిన అద్దాలు తెరుచుకోవు. వాటిని బద్దలుకొట్టి మనుషుల్ని బయటికి తియ్యాల్సి వచ్చింది. మన ఊళ్ళల్లో సెంట్రల్ ఏసీ లేని భవనాలకి కూడా అద్దాల ముఖం తొడుగుతున్నాం. దాని మీద కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ. లోపల కిటికీ ఉంటుంది, బయటికి దారి ఉండదు.

ఇక లిఫ్టు. దాని మీద నాకు ద్వేషం లేదు, దాన్ని పదకొండేళ్ళు సాకాను. 1854లో న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్ అనే ఆయన జనం ముందు లిఫ్టు మీద నిలబడి తాడు నరికించాడు. లిఫ్టు కిందపడలేదు. ఆ రోజు నించీ లిఫ్టు భద్రత గురించి మనిషి పట్టించుకుంటూనే ఉన్నాడు. మా దగ్గర లిఫ్టుకి ఏడాది కాంట్రాక్టు ఉండేది, అద్దం ఉండేది, పాట ఉండేది. పది నిమిషాలు ఆగితే నాలుగు ఫోన్లు వచ్చేవి. మెట్ల గురించి పదకొండేళ్ళలో నాకు ఒక్క ఫోనూ రాలేదు. ఎవరూ నడవరు కదా! ఎవరూ నడవని చోటు ఖాళీగా ఉంటుందా? మూడో అంతస్తు వాళ్ళ పాత సోఫా, నాలుగో అంతస్తు వాళ్ళ ఫైళ్ళ కట్టలు, హోటల్ వాడి గ్యాసు సిలిండర్లు. మొదటి మలుపులో ఒక దేవుడి పటం, ఎవరూ ఉమ్మెయ్యకుండా. లిఫ్టు వచ్చి మెట్లని సామాన్ల కొట్టు చేసింది. అదే లిఫ్టు మంట వచ్చిన రోజు పనికిరాదు. కరెంటు పోతే మధ్యలో ఆగుతుంది, లేదంటే మంట ఉన్న అంతస్తులోనే తలుపు తెరుచుకుంటుంది.

ఇప్పుడు నా సంగతి.

మా కాంప్లెక్స్‌కి వెనక వైపు రెండో మెట్ల దారి ఉండేది. షాపుల్లో సరుకు పోతోందని ఓనర్లు గొడవ చేస్తే, కింద ఆ దారి షట్టరుకి తాళం వెయ్యమన్నారు. వేశాను. తాళంచెవి నా జేబులో ఉండేది. ఒకరోజు మధ్యాహ్నం రెండో అంతస్తులో యూపీఎస్ బ్యాటరీలు కాలి పొగ లేచింది. ముందు మెట్లలో పొగ చూసి నాలుగో అంతస్తు వాళ్ళు వెనక మెట్ల మీదుగా దిగారు. బుద్ధిగా, గోడ మీద మేము అంటించిన పచ్చ బాణాల వెంటే వచ్చారు. షట్టరు దగ్గర ఆగిపోయారు. నేను పక్క వీధిలో మెస్సులో అన్నం తింటున్నాను. ఫోనొచ్చి, పరిగెత్తుకొచ్చి తాళం తీసేసరికి, చివరి మెట్టు మీద కూచుని దగ్గుతున్న ఒక అమ్మాయి అడిగింది: "అన్నా, తాళం ఎందుకేసిన్రు?"

ఎవరూ చనిపోలేదు. కాబట్టి అది వార్త కాలేదు. సాయంత్రం రిజిస్టర్లో "కారణం" అన్న గడిలో నేను స్వయంగా ఏం రాశానో చెప్పనా? షార్ట్ సర్క్యూట్.

అందుకే ఈ మాట మీద నాకింత కోపం. దాన్ని వాడినవాణ్ణి కాబట్టి, అది ఎందుకు పనికొస్తుందో నాకు తెలుసు. అది నా జేబులో ఉన్న తాళంచెవిని దాచింది.

"మనది బీద దేశం, ఇవన్నీ ఖర్చుతో కూడినవి" అంటారు కొందరు. తలుపు దానంతటదే మూసుకునేలా చేసే స్ప్రింగు సాధనం ఖరీదు, లాబీలో పరిచే గ్రానైటు ముందు ఏపాటిది? మెట్ల మీద సామాను తీసెయ్యడానికి రూపాయి ఖర్చు లేదు. తాళం తియ్యడానికి అసలే లేదు. మా ఫైర్ పంపు స్విచ్చి ఎప్పుడూ "మాన్యువల్"లో ఉండేది. "ఆటో"లో పెడితే ఎక్కడో పైపు కారినప్పుడల్లా మోటారు మోగుతోందని. దాన్ని తిప్పడానికి ఒక వేలు చాలు. ఇంకో చిత్రం. వాస్తు ప్రకారం మెట్లు ఏ మూల ఉండాలి, ఆగ్నేయంలో ఏముండాలి అని లక్షలు పోసి గోడలు పడగొట్టించిన ఓనర్లని చూశాను. అగ్ని మూల ఏదో వాళ్ళకి తెలుసు. అగ్ని వస్తే మనిషి ఏ మూల నించి బయటపడాలో అడిగినవాడు ఒక్కడు లేడు.

"చట్టం ఉంది, అమలే లేదు" అంటారు ఇంకొందరు. సగం నిజం. 1999 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం ప్రకారం వాణిజ్య భవనానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావలసింది 15 మీటర్ల ఎత్తు దగ్గర. బడులు, సినిమా హాళ్ళ లాంటి జనం గుమిగూడే చోట్లకి లెక్క వేరు. ఆ గీతకి కాస్త కింద ఆగిపోయే నాలుగంతస్తుల భవనాలు మన ఊళ్ళ నిండా ఉన్నాయి. పొగకి ఆ గీత తెలియదు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఈ-బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో ఎనిమిది మంది. 2023 నవంబరు 13న బజార్‌ఘాట్‌లో కింద రసాయనాల డ్రమ్ములు, పైన కాపురాలున్న భవనంలో తొమ్మిది మంది. 2025 మే 18న చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో కింద దుకాణాలు, పైన ఇల్లు ఉన్న భవనంలో పదిహేడు మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. ఇవి ఆకాశహర్మ్యాలు కావు. కింద వ్యాపారం, పైన మనుషులు. మనం రోజూ ఎక్కి దిగేవి.

1980 నవంబరు 21న అమెరికాలో, లాస్ వేగస్‌లోని ఎంజీఎం గ్రాండ్ హోటల్లో 85 మంది చనిపోయారు. అక్కడా నిప్పు పుట్టింది కరెంటు లోపంతోనే, కింద ఒక ఫలహారశాలలో. చనిపోయినవాళ్ళలో ఎక్కువమంది మంటకి ఎన్నో అంతస్తుల పైన, గదుల్లో, కారిడార్లలో, మెట్ల మీద, లిఫ్టుల్లో దొరికారు. కానీ వాళ్ళు "కరెంటు లోపం" దగ్గర దర్యాప్తు ఆపలేదు. పొగ ఏ బావిలోంచి, ఏ సందులోంచి, ఏ డక్టులోంచి ఎక్కిందో వెతికారు. ఆ రాష్ట్రంలో చట్టం మార్చి, అప్పటికే కట్టేసిన ఎత్తైన హోటళ్ళకి కూడా స్ప్రింక్లర్లు పెట్టించారు. వాళ్ళేదో పుణ్యాత్ములని కాదు. ప్రశ్నని మధ్యలో వదిలెయ్యలేదు, అంతే.

రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఉన్న చోట ఇది రాస్తున్నాను కాబట్టి మాటతోనే ముగిస్తాను. "ప్రమాదం" అంటే మనకిప్పుడు అనుకోకుండా వచ్చిపడేది. కానీ సంస్కృతంలో ఆ మాటకి మొదటి అర్థం ఏమరుపాటు, చెయ్యాల్సింది చెయ్యకపోవడం. "అగ్నిప్రమాదం" అని రాసినప్పుడల్లా ఆ పాత అర్థాన్ని గుర్తుపెట్టుకుంటే చాలు. ఏమరుపాటు అగ్నిది కాదు. మెట్లు ఎన్ని ఉన్నాయి, తెరిచి ఉన్నాయా, పొగ ఏ దారిన వెళ్ళింది, తాళంచెవి ఎవరి దగ్గరుంది? ఈ నాలుగూ లేని వార్త సగం వార్త. సంపాదకులు దాన్ని వెనక్కి పంపాలి.

ఇంకొక్కటి. రేపు మీ ఆఫీసులో లిఫ్టు ఎక్కకండి. రెండో మెట్ల దారి ఎక్కడుందో కనుక్కుని దాని మీదుగా కిందిదాకా దిగండి, రోడ్డు కనపడేదాకా. మధ్యలో తాళం తగిలితే, నాలాంటి వాడొకడు అక్కడే ఎక్కడో ఉంటాడు. అతన్ని తిట్టకండి, తాళం వెయ్యమన్నవాళ్ళు వేరే ఉంటారు. కానీ తాళం తీసేదాకా అక్కణ్ణించి కదలకండి.