నలభై మందికి చేపల పులుసు

కిందటి నెల పాలు ఎందుకు పొంగుతాయో చెప్పుకున్నాం. ఈ నెల పొయ్యి మీదికి ఇంకా పెద్ద పాత్ర ఎక్కిద్దాం.

మృగశిర కార్తె ఏటా జూన్ 8వ తేదీ ప్రాంతంలో వస్తుంది. రోహిణి ఎండలు తగ్గి తొలకరి పడే రోజులవి. ఆనాడు చేపలు తినటం తెలంగాణాలో ఆచారం. చేపలు తినని వాళ్ళు ఇంగువలో బెల్లం కలుపుకుని తింటారు. గాలి చల్లబడే వేళ ఒంట్లో వేడి ఉండాలని పెద్దలు చెబుతారు.

మేడ్చల్ పక్కన, నాగపూర్ వెళ్ళే రహదారి మీద అత్వెల్లి అనే ఊరున్నది. ఒక మృగశిర నాడు అక్కడ మా బంధువుల ఇంట నలభై మందిమి చేరాం. సముద్రం దగ్గర లేదు గనక అన్నీ చెరువు చేపలే: బొచ్చెలు, రవ్వలు. పెద్దమ్మ 8 కిలోల చేపలు కోయించి, ఉప్పూ పసుపూ పట్టించి ఉంచింది. పులుసు పని నేను కోరి తీసుకున్నాను. లెక్కలు బాగా వచ్చునని నాకు కాస్త గర్వం.

ఇంట్లో కిలో చేపకు లీటరున్నర పులుసునీళ్ళు పోస్తాం. 8 కిలోలకు 12 లీటర్లు. లెక్కలో తప్పేమైనా ఉన్నదా? పెద్ద గంజులో ఉల్లిగడ్డలు వేయించి, అల్లం ఎల్లిగడ్డ ముద్దా, కారమూ, ధనియాల పొడీ వేసి, చింతపండు పులుసు పోసి, తెర్లగానే ముక్కలు వేశాను. పావుగంట అయింది. పులుసు నీళ్ళలాగే ఉంది. మంట పెంచి, గంటెతో కలిపాను. ఇంకొక పావుగంట అయింది. పులుసు కొంచెం చిక్కబడింది గాని, ముక్కలు సగానికి సగం చిట్లి, ముళ్ళన్నీ అందులో కలిసిపోయాయి.

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. బొచ్చె, రవ్వ కండలో పంగలకర్రలాగా రెండుగా చీలిన సన్నని ముళ్ళుంటాయి. ముక్క నిండుగా ఉంటే వేలికి ముల్లు తగులుతుంది. అదే పులుసులో కలిస్తే కంటికి కూడా కనపడదు. అక్కడ పదిహేను మంది పిల్లలు విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. (కొర్రమీనుతో ఈ భయం తక్కువ. తెలంగాణా ప్రభుత్వం 2016లో రాష్ట్ర చేపగా ఎంచుకున్నది దాన్నే. అయితే దాని ధర కూడా అలాగే ఉంటుంది!)

పెద్దమ్మ వచ్చి గంజులోకి చూసి, ఒక్క మాట కూడా కోప్పడలేదు. "గంటె ఇటియ్యి బిడ్డా. ముందు నిండు ముక్కలు తీద్దాం," అన్నది. మిగిలిన ముక్కల్ని జల్లిగంటెతో మెల్లిగా పళ్ళెంలోకి తీశాం. పులుసును సన్నని బట్టలో రెండుసార్లు వడగట్టి, మళ్ళీ మరిగించి చిక్కబరిచాం. పిల్లలకు వడగట్టిన పులుసూ అన్నమూ, పెద్దలకు ముక్కలూ పెట్టాం. ముక్కలు అందరికీ రాలేదు. పెద్దమ్మా నేనూ పులుసన్నంతో సరిపెట్టుకున్నాం.

నా లెక్క ఎక్కడ తప్పింది? ఒక గిన్నెను పొడవు, వెడల్పు, లోతు అన్నిటా రెట్టింపు చేశారనుకోండి. అందులో పట్టే నీళ్ళు ఎనిమిది రెట్లవుతాయి. కాని ఆవిరి పోయే పైభాగం నాలుగు రెట్లే అవుతుంది. అంటే పెద్ద గంజులో, నీటి మొత్తాన్ని బట్టి చూస్తే, ఆవిరి పోయేది తక్కువ. ఇంట్లో కిలో పులుసు చిక్కబడే సమయంలో ఎనిమిది కిలోల పులుసు చిక్కబడదు. అందుచేత గంజు పెద్దదయ్యే కొద్దీ నీళ్ళు లెక్క కన్నా తగ్గించి పోయాలి. లోతైన పాత్ర కన్నా వెడల్పాటిది మేలు. అడుగు ముక్కల మీద బరువు కూడా పడదు. అన్నిటి కన్నా ముఖ్యం, పులుసు చిక్కబడిన తరవాతే చేప వేయాలి.

మేకమాంసం గంటసేపు ఉడికినా చెదరదు. చేప ఎందుకు చెదురుతుంది? మేక తన బరువు తానే మోయాలి. దాని కండను గట్టి పీచు పట్టి ఉంచుతుంది. చేపను నీరే మోస్తుంది. దాని కండ పలచని పొరల వరసలు. ఆ పొరల మధ్య ఉన్న పదార్థం కొద్దిపాటి వేడికే కరిగి జిగురవుతుంది. పది పన్నెండు నిమిషాలు చాలు. ఆపైన గంటె తగిలితే పొర పొరా విడిపోతుంది. అందుకే పెద్దమ్మ కలపదు. ఇంట్లో చిన్న గిన్నె అయితే అంచులు గుడ్డతో పట్టుకుని మెల్లిగా ఊపుతుంది. (పొయ్యి దగ్గర ఈ పని పెద్దవాళ్ళది, మీరు చూస్తే చాలు.)

ఇక చింతపండు. చెరువు చేపకు మట్టి వాసన ఉంటుంది. తొలకరి చినుకు పడగానే నేల నుంచి లేచే కమ్మని వాసన తెలుసు గదా? రెంటికీ కారణం ఒకటే పదార్థం, దాని పేరు జియోస్మిన్. నేలలోనూ చెరువులోనూ ఉండే సూక్ష్మజీవులు దాన్ని తయారు చేస్తాయి. వానలో మనకు ఇష్టమైనది చేపలో ఇష్టం లేకపోవటం చిత్రమే! పులుపు ఆ పదార్థాన్ని విరగ్గొడుతుంది.

అమెరికాలో లూసియానా అనే చోట కూడా ఊరందరికీ ఒకే పాత్రలో వండుతారు. అక్కడ రొయ్యకు చుట్టమైన క్రాఫిష్ దొరుకుతుంది. ముందు బంగాళాదుంపలు వేసి, అవి కాస్త ఉడికాక మక్కబుట్టలూ క్రాఫిష్‌లూ వేస్తారు. కాసేపటికి మంట ఆర్పేసి అలాగే నాననిస్తారు. ఉప్పూ కారమూ లోపలికి పట్టేది అప్పుడే. తరవాత కాగితాలు పరిచిన బల్ల మీద అంతా కుమ్మరించి, చుట్టూ నిలబడి తింటారు. ఉడికిన క్రాఫిష్ ఎర్రగా మారుతుంది. ఆ ఎరుపు ముందు నుంచీ పెంకులో ఉన్నదే. ఒక ప్రోటీను దాన్ని పట్టి దాచి ఉంచుతుంది. వేడికి ఆ పట్టు వదులుతుంది. మన రొయ్యల్లోనూ ఇదే జరుగుతుంది.

మీ ఇంట్లో ఒక వెడల్పాటి పళ్ళెంలోనూ, ఒక గ్లాసులోనూ సమానంగా నీళ్ళు పోసి, ఒకే చోట ఒక రాత్రి ఉంచండి. పొద్దున రెండిటినీ కొలవండి. నేను ఈ పని గంజు పొయ్యి ఎక్కించక ముందే చేసి ఉండవలసింది.