బండి నెక్కుటకు ముందు బండి నెఱుగవలెను

ఎడ్లబండి నడచిన కాలమున మన రైతు ప్రయాణమునకు ముందు ఇరుసునకు కందెన పెట్టి, కడచీలలు చూచుకొని, పిదప నెడ్లను కాడికి గట్టుచుండెను. కందెన లేని బండి వీధి పొడవునను కీచుమని మొఱపెట్టును గనుక ఆ యజమానుని యశ్రద్ధ ఊరంతయు నెఱిగెడిది. నేడు ఎడ్లబండి యుండినచోట మన యిండ్ల ముంగిట మోటారు సైకిలు నిలిచియున్నది. తండ్రి దానినెక్కి పనికి బోవుచున్నాడు; పండుగనాడు వెనుక తల్లియు నడుమ బిడ్డయు గూర్చుండుచున్నారు. అయినను తాత కందెనయెడ జూపిన శ్రద్ధలో నాలుగవ పాలైనను మనుమడు గొలుసుయెడ జూపుట లేదు.

మోటారు సైకిలును ఇంటియొద్దనే సంరక్షించుకొను విద్యను ప్రతి కుటుంబమును నేర్వవలయుననియు, బాలబాలికలు దానిని బండి నడుపుటకు ముందే నేర్వవలయుననియు మా యభిప్రాయము. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి 18 ఏండ్లు నిండనివారు గేర్లుగల మోటారు సైకిలును నడుపరాదు. 2019లో జరిగిన సవరణ ప్రకారము బాలుడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకునికి గాని బండి యజమానునికి గాని మూడేండ్ల వఱకు కారాగారమును, 25,000 రూపాయల జరిమానాయు విధింపవచ్చును. మన విద్యార్థులలో కొందఱు ఈ చట్టమును శత్రువుగా దలంచుచున్నారు. కాని చట్టము నడుపుట మాన్పినదే గాని నేర్చుట మాన్పలేదు. పదునాలుగేండ్ల బాలుడు టైరు గాలి చూడవచ్చును; గొలుసు తుడువవచ్చును; ఆయిలు మట్టము పరీక్షింపవచ్చును. నాలుగేండ్లు బండిని సేవించినవాడు, పదునెనిమిదవ యేట దాని నెక్కునప్పుడు దాని బలమును బలహీనతయు నెఱిగి యెక్కును.

మన యశ్రద్ధకు కారణమేమి? 1985లో హీరో హోండా వారి సి.డి. 100 అను బండి మన దేశమున వెలువడినప్పుడు, పెట్రోలు పోసి మూత పెట్టి మరచిపొండను భావముగల ప్రకటన యొకటి మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. అది పెట్రోలు పొదుపును గూర్చిన మాట. మనమో, పెట్రోలుతోపాటు ఆయిలును, గొలుసును, బ్రేకులను గూడ మరచితిమి.

ఇందుకు కొందఱు చెప్పు నభ్యంతరములను మేమెఱుగుదుము. "ఇది మెకానిక్కు పని, అతని కూడు తీయుట తగునా?" యని యొకరందురు. తన బండిని తానెఱిగినవాడు మెకానిక్కునకు నష్టము చేయడు. "ఏదో శబ్దము వచ్చుచున్నది" అనుటకు మాఱుగా "రెండవ గేరున ఎక్కుడు ఎక్కునప్పుడు గొలుసు వైపున టకటక మనుచున్నది" అని చెప్పగలడు. అట్టివానికి ఆ పనివాడు సంతోషముతో పనిచేయును. అతనియం దనవసరమైన యనుమానమును ఉండదు. "చదువుకొన్నవానికి చేతులు నల్లజేసికొను పనియేల?" యని మఱియొకరందురు. చేతి మసి సబ్బుతో పోవును. పనిని చిన్నచూపు చూచు నలవాటు అంత సులభముగ పోదు. "ఇప్పటి బండ్లలో అంతయు విద్యుత్ యంత్రములే" యని వేఱొకరందురు. అది కొంత నిజమే. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చినపిమ్మట క్రొత్త బండ్లలో కార్బురేటరు స్థానమున ఇంధనమును చిమ్ము పరికరము వచ్చినది. దానిని ఇంట విప్పరాదు. అయినను గొలుసు గొలుసే, టైరు టైరే, ఆయిలు ఆయిలే.

ఇక చేయవలసిన పనులను చెప్పుదుము. అన్నిటికంటె ముందు, బండితో వచ్చిన చేతిపుస్తకమును బీరువా యడుగునుండి తీసి చదువవలెను. ఈ క్రింద మేము చెప్పు నంకెలు సామాన్యములు. మీ బండికి మీ పుస్తకపు మాటయే ప్రమాణము.

గాలిని వారమున కొకమాఱు, బండి నడువకమునుపు, టైరు చల్లగా నున్నప్పుడు చూడవలెను. నడచిన టైరు వేడెక్కి లోని గాలి యొత్తిడి పెరుగును గనుక అప్పటి కొలత మోసపుచ్చును. కొన్ని 100 సి.సి. బండ్లకు ముందు టైరున 25 పౌనులు, వెనుక టైరున ఒక్కడే యెక్కిన 28 పౌనులు ఉండవలెను. వెనుక మఱియొకరు కూర్చుండినచో 40 వఱకు కావలెను. ఈ భేదమును మనలో నెందఱు పాటించుచున్నారు? టైరు ప్రక్కన టి.డబ్ల్యు.ఐ. అను గుర్తు కలదు. దానికి సూటిగా గాడిలోనుండు చిన్న గట్టుతో టైరు పైభాగము సమానమైనచో, చూచుటకు బాగుగ నున్నను ఆ టైరును మార్చవలసినదే.

గొలుసు విషయమున మఱింత జాగ్రత్త కావలెను. ఇంజను ఆపి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, గేరు తటస్థమున నుంచి, చక్రమును చేతితో మెల్లగ త్రిప్పుచు తుడువవలెను. ఇంజను నడుచుచుండగా గొలుసు తుడిచి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు కలరు. క్రింది వరుస నడుమ గొలుసును పైకిని క్రిందికిని కదల్చిన సాధారణముగ 20 నుండి 30 మిల్లీమీటర్ల వదులుండవలెను. వదులు ఎక్కువైన గొలుసు పండ్లచక్రమునుండి జారి వెనుక చక్రమును బిగించి పడవేయవచ్చును. అట్లని మిక్కిలి బిగించుటయు తప్పే. ఇద్దఱెక్కి బండి క్రిందికి దిగినప్పుడు గొలుసు మఱింత లాగబడి, గేరు పెట్టె బేరింగులకు చేటు కలుగును. సరిచేయునప్పుడు ఇరుసు నట్టు వదులుచేసి, రెండు ప్రక్కల నట్లను సమానముగ త్రిప్పి, ఇరువైపుల గీతలు ఒకే స్థానమున నుండునట్లు చూచి, మరల గట్టిగ బిగింపవలెను. చక్రము వెనుకకు జరుగుటచే డ్రమ్ము బ్రేకు కూడ మాఱును గనుక పిదప బ్రేకు తొక్కిచూడక బండి నెక్కరాదు. వానలో తిరిగిన మఱునాడు గొలుసును తుడిచి ఆయిలు పెట్టుట మఱువరాదు.

ఇంజను ఆయిలును చూచునప్పుడు బండి నిటారుగ నుండవలెను. ఇంజను కొలదిసేపు నడిపి, ఆపి, రెండు మూడు నిముషములు తాళి, అప్పుడు మట్టము చూడవలెను. 100 సి.సి. బండి యింజనులో పట్టునది సుమారొక లీటరే. ఈ కొలది ఆయిలే పిస్టనును తడుపును, వేడిని తీయును, గేర్లను కాపాడును. పెక్కు బండ్లలో క్లచ్చు పలకలును దీనియందే మునిగియుండును. కార్లకు జేసిన కొన్ని ఆయిళ్లలో జారుడు హెచ్చించు ద్రవ్యములుండును గాన వానిని పోసిన క్లచ్చు పట్టుదప్పును. డబ్బాపై జాసో ఎం.ఏ. గాని ఎం.ఏ. 2 గాని యను గుర్తు చూచి కొనవలెను. తీసిన పాత ఆయిలును మురుగు కాలువలోనో బావి చెంతనో పోయక, డబ్బాలో బట్టి పాత ఆయిలు కొనువారికి ఇయ్యవలెను.

స్పార్కు ప్లగ్గును ఇంజను చల్లారినపిదప విప్పిన, అది లోని సంగతి చెప్పును. కొన లేత గోధుమ రంగున నున్న ఆరోగ్యము. పొడి మసి పట్టియున్న గాలి జల్లెడ మూసుకొన్నదేమో చూడవలెను. నూనె తడి యున్న ఆయిలు లోపల కాలుచున్నది. తెల్లబాఱిన ఇంజను మితిమీఱి వేడెక్కుచున్నది. తిరిగి బిగించునప్పుడు మొదట వ్రేళ్లతోనే త్రిప్పి, మరలు సరిగ పట్టినపిదపనే పానా వేయవలెను. బ్యాటరీ విప్పునప్పుడు ముందు ఋణ తీగను, తగిలించునప్పుడు ముందు ధన తీగను పట్టవలెను. బండి యినుమంతయు ఋణమునకు కలిసియుండును గనుక, ఈ క్రమము తప్పి పానా చట్రమునకు తగిలిన నిప్పులు రాలును.

కొన్ని పనులు ఇంట చేయరాదు. డిస్కు బ్రేకు ద్రవము మార్చుట, ఇంజను లోపలి భాగములు విప్పుట, చక్రపు పుల్లలు సరిచేయుట తెలిసినవారికే విడువవలెను. మూసిన గదిలో ఇంజను నడుపరాదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేకయే ప్రాణము తీయును. పొయ్యి దరిని పెట్రోలు ముట్టరాదు. తెలియని పనికి చేయి చాపకుండుటయు ఈ విద్యలో భాగమే.

తీసివేయుటయు మరమ్మతుగా భావించు యువకులకు ఒక మాట. అందము కొఱకని కొందఱు అద్దములను, వెనుక చక్రపు ప్రక్కనున్న చీర రక్షకమును ఊడదీయుచున్నారు. వెనుక కూర్చున్నవారి వస్త్రములు చక్రమున చిక్కకుండ సగము చక్రమునకు తక్కువ గాకుండ కప్పు నుండవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములే విధించినవి. ఆ కప్పు తీసిన బండిపై కూర్చుండువారు ఎవరు? మీ తల్లియు మీ యక్కయు గాదా?

తల్లిదండ్రులకు మా విన్నపమిది. శనివారము సాయంకాలము అరగంట మీ కుమారులను మాత్రమే గాక కుమార్తెలను గూడ బండి చెంతకు బిలువుడు. నిర్జనమైన బాటలో బండి నిలిచినప్పుడు ప్లగ్గు విప్పగల కుమార్తె నిస్సహాయురాలు గాదు. ఒక చిన్న పుస్తకమున ఆయిలు మార్చిన తేదీని, నడచిన కిలోమీటర్లను, గొలుసు సరిచేసిన దినమును బిడ్డలచేతనే వ్రాయింపుడు. మన పాఠశాలలోను చేతిపనుల గంటలలో నెలకొకటి ఈ విద్యకు కేటాయించుటకు ఉపాధ్యాయులు యోచింపవలెను. ఒక పాత బండి, నాలుగు పానాలు, ఒక గాలి కొలత యంత్రము చాలును.

విద్యార్థులారా, వేగముగ నడుపుటకు ధైర్యము చాలునని మీరనుకొందురు. నిలుపుటకు బ్రేకు కావలెను. ఆ బ్రేకును ఉదయమున తొక్కిచూచిన పాదమే సాయంకాలము ఇల్లు చేరును.