గుమ్మి నిండితే ఊరు బతుకుతుందా?



2020లో కరోనా వచ్చిపోయినప్పటి నుంచి పట్నంలో చదువుకున్నవాళ్ళ నోట ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. "ఎప్పుడు ఏ ఆపద ముంచుకొస్తుందో తెలియదు. పల్లెలో రెండెకరాలు కొనుక్కొని, బోరు వేసుకొని, మన తిండి మనమే పండించుకోవాలి. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలి" అంటున్నారు. నాతోపాటు పీజీ చదివే మిత్రులు కూడా "మీ నిర్మల్ దిక్కు ఎట్లుంటది? అక్కడ అట్లా బతకొచ్చా?" అని అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మనమే. ఎందుకంటే ఆ నేల మీద కూలి చేసిన ఇండ్ల నుంచి హాస్టల్‌కు వచ్చినవాళ్ళం మనం.

ముందుగా ఉన్న మంచిని ఉన్నట్టు చెప్పుకుందాం. 2016 అక్టోబర్‌లో పాత ఆదిలాబాద్ నుంచి విడివడి ఏర్పడిన మన జిల్లాకు దక్షిణాన గోదావరి పారుతున్నది. ఆ నది మీదనే శ్రీరాంసాగర్ ఉన్నది. జిల్లా లోపల కడెం, స్వర్ణ, గడ్డెన్నవాగు ప్రాజెక్టులున్నాయి. ఖానాపూర్ దగ్గరి సదర్మాట్ ఆనకట్టను 1891-92లో కట్టారు. 2018లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. నిర్మల్ పట్టణం చుట్టూ పాతకాలపు గొలుసుకట్టు చెరువులు, భైంసా, ముథోల్ వైపు నల్లరేగడి, కడెం వైపు అడవి ఉన్నాయి. ఇంత నేలకు 2011 లెక్కల ప్రకారం జనాభా సుమారు 7 లక్షల 9 వేలు. నీరు, నేల, కట్టె, మేత చూసి మార్కులు వేస్తే మన జిల్లా ఫస్ట్ క్లాసులో పాసవుతుంది.

కానీ ఆ నేలలో ఏం పండుతున్నదో చూడండి. మన తాతల కాలంలో చెల్కల్లో జొన్న, పెసర, కంది కలిసి పండేవి. ఇప్పుడు ఎక్కువ చేన్లలో పత్తి, సోయా, మక్క కనిపిస్తాయి. పత్తిని వండుకొని తినలేం. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చిన తర్వాత విత్తనం దాచుకునే అలవాటు కూడా పోయింది. ఏటేటా పాకెట్లు కొనవలసిందే. ఎరువు, మందు, డీజిల్ అన్నీ బయటి నుంచే రావాలి. పదెకరాల ఆసామి కూడా కందిపప్పుకు కిరాణం దుకాణానికే పోతున్నాడు. నిర్మల్ పట్టణానికి నేటికీ రైలు లేదు. నాలుగు రోజులు లారీలు ఆగితే మన బతుకు ఏ పాటిదో తెలిసిపోతుంది.

అట్లని పూర్వం మన ప్రాంతం ఎవరితోనూ సంబంధం లేకుండా బతికిందా అంటే, అదీ లేదు. అడవిలోని పొనికి చెక్కతో నకాషీ కళాకారులు చేసిన బొమ్మలు బయటివాళ్ళు కొన్నందువల్ల నిలబడ్డాయి. నిర్మల్ వైపు ఇనుప రాయితో, గోదావరికి ఆవలి కోనసముద్రంలో తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చేవారని చరిత్ర చెబుతున్నది. ఇచ్చిపుచ్చుకోవడం వల్లనే ఈ నేల బాగుపడింది.

ఇక దాచుకోవడం సంగతి. "పాతకాలంలో ప్రతి ఊళ్ళో పాతరలుండేవి, గుమ్ములుండేవి, కరువొచ్చినా భయం లేకుండేది" అని పెద్దలు మురిపెంగా చెబుతారు. నిజమే, పాతరలుండేవి. కానీ ఎవరివి? మా తాత ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నాడు. పాతర తవ్వింది ఆయన, జొన్నలు మోసి నింపింది ఆయన. ఎండకాలం వచ్చేసరికి ఆ పాతర ముందే గంప పట్టుకొని నిలబడి నాగు తెచ్చుకున్నాడు. కుంచెడు తెస్తే పంటకు కుంచెడున్నర కొలిచి ఇచ్చాడు. ఆ ఊరు స్వయంసమృద్ధమైనదే కావచ్చు, మా ఇల్లు మాత్రం కాదు. భూమి లేని ఇంటికి "నీ తిండి నువ్వే పండించుకో" అని చెప్పడం, నీళ్ళు లేనివాడికి ఈత నేర్పినట్టుంటుంది.

భూమి, గుమ్మి రెండూ ఉన్నవాళ్ళయినా క్షేమమా? 2022 జులైలో కడెం ప్రాజెక్టుకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్లన్నీ లేపినా పోగలిగింది సుమారు 3 లక్షల క్యూసెక్కులే. పైగా 18 గేట్లలో ఒకటి లేవలేదు. 1958లో ఒకసారి తెగిన కట్ట అది. మళ్ళీ తెగుతుందేమోనని దిగువ ఊళ్ళు ఖాళీ చేశారు. ఆ రాత్రి ఇంట్లో ఆరు నెలల గింజలున్నవాడూ, ఆ పూటకే బియ్యం ఉన్నవాడూ ఒకే ట్రాక్టర్ ఎక్కవలసి వచ్చింది. అప్పుడు పనికొచ్చినవి గేట్ల దగ్గర నిలబడిన సిబ్బంది, ముందుగా చెప్పిన మాట, తలుపు తట్టి లేపిన పక్కింటివాళ్ళు. వీటిని ఎవరూ తన ఒక్క ఇంట్లో దాచుకోలేరు.

లాక్‌డౌన్‌లో కూడా ఇదే చూశాం. హాస్టళ్ళు మూసేస్తే పిల్లలమంతా ఇండ్లకు చేరినం. అమ్మకు బీడీల పని ఆగింది, నాన్నకు కూలి ఆగింది. 2020 ఏప్రిల్‌లో రేషన్ మీద మనిషికి 12 కిలోల బియ్యం, కార్డుకు 1500 రూపాయలు ఇచ్చారు. మా నలుగురికి 48 కిలోలు. ఆ నెల మా పొయ్యి వెలిగింది దానితోనే. అదే కాలంలో 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరాది కూలీలు మూటలతో, చంటిపిల్లలతో నడిచిపోయారు. వాళ్ళలో చాలామంది కార్డులు ఇక్కడ చెల్లలేదు. కష్టకాలంలో మనిషికి మొదట కావలసింది "వీళ్ళు మావాళ్ళు" అని లెక్కపెట్టే ఊరు అని అప్పుడు అర్థమైంది.

కాబట్టి ఒక ప్రాంతం కష్టకాలానికి పనికొస్తుందా లేదా అని చూడడానికి నా కొలత ఇది. ఆ ఊరి చెరువు కట్టను వానకాలానికి ముందు ఎవరైనా చూస్తున్నారా? రేషన్ దుకాణం నెలనెలా తెరుస్తున్నారా? రాత్రి పురుటి నొప్పులొస్తే అంబులెన్సు వాగు దాటి రాగలదా? కరువు నెలలో అందరికన్నా పేద ఇల్లు ఎవరి ముందూ చెయ్యి చాపకుండా తినగలదా? ఈ నాలుగింటికీ అవునన్న ఊరు క్షేమమైన ఊరు. ఈ లెక్కన మన నిర్మల్‌కు నేను ఫస్ట్ క్లాసు వెయ్యలేను. నేల, నీరు మంచి మార్కులు తెచ్చినా, పంపకంలో, రోడ్డులో, దవాఖానలో ఇంకా తక్కువే ఉన్నాయి. 2023లో జిల్లాకు మెడికల్ కాలేజీ వచ్చింది, సంతోషం. కానీ అడవి గూడెం నుంచి అక్కడిదాకా చేరే దారి కూడా దవాఖానలో భాగమే.

మన హాస్టల్‌నే తీసుకోండి. స్టోర్ రూములో బియ్యం బస్తాలు, పప్పు, నూనె ఉంటాయి. అవి ఏ ఒక్కరివీ కావు. ఎవరి కులం, ఎవరి ఊరు అని అడగకుండా గంట కొట్టగానే అందరి పళ్ళెంలో పడతాయి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. గుమ్మి లేని ఇంటి పిల్లవాణ్ణి ఇక్కడిదాకా తెచ్చింది ఈ ఉమ్మడి గుమ్మి. పన్నులు కట్టినవాళ్ళు, ఈ హక్కు కోసం కొట్లాడినవాళ్ళు దీన్ని నింపారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! రేపు మీకు ఉద్యోగాలొస్తాయి, రెండెకరాలు కొంటారు. తప్పకుండా కొనండి. భూమి లేని ఇండ్ల నుంచి వచ్చినవాళ్ళం, కొనే హక్కు మనకుంది. ఒక మూలన జొన్న, కంది వేయండి, విత్తనం దాచండి. కానీ చుట్టూ కంచె వేసుకొని, ఇక ఊరితో నాకేం పని అనుకోకండి. గ్రామసభకు పోయి చెరువు తూము గురించి అడగండి. రేషన్ కార్డు లేని ఇంటికి దరఖాస్తు రాసిపెట్టండి. మీ ఊరి పిల్లల్లో ఒక్కరినైనా ఈ హాస్టల్‌లో చేర్పించండి. వచ్చే కష్టకాలానికి మనం ఇప్పుడు చేసుకోగల ఏర్పాటు ఇదేనని నా అభిప్రాయం.